నాలుగో నంబరు చొక్కా

మా అబ్బాయి అమదోర్‌ని పెద్ద ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారని తెలిసిన రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం వాడి మోకాలి గురించి ఆలోచించాను. పదహారో ఏట మెలికపడిన మోకాలు అది. ఆ తర్వాత చిన్నాచితకా జట్లలో, ఎక్కువ రోజులు బెంచీ మీదే కూర్చుని, ఆశ వదులుకోబోతుండగా జిల్లా పట్టణంలోని జట్టు పిలిచింది. అక్కడ మన ఊళ్ళోలా మట్టి నేల కాదు, మెత్తటి గడ్డి అని మా ఆయన ధైర్యం చెప్పాడు. గడ్డి మీద పడినా విరిగేది ఎముకే కదా అన్నాను.

అయితే ఆ వారం నాకు నిద్ర లేకుండా చేసింది మోకాలు కాదు, చొక్కా.

ఆ ఏడాది నుంచే ఆటగాళ్ళ వీపు మీద నంబరుతో పాటు పేరు కూడా వేయడం మొదలుపెట్టారు. మా ఆయన ఇంటిపేరు గార్సియా. ఆ జట్టులో అప్పటికే ఇద్దరు గార్సియాలున్నారు. మాలో ఎవరికైనా రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ముందు నాన్నది, వెనక అమ్మది; పెళ్ళయినా ఆడదాని ఇంటిపేరు మారదు. మొదటిది వీధికి పదిమందికి ఉండేదైతే రెండోది వాడుకోవడం మామూలే. అమదోర్ కూడా అదే చేశాడు. భోజనాల దగ్గర పప్పులో రొట్టె ముంచుకుంటూ, రేపు వాన పడుతుందిట అన్నంత తేలిగ్గా, "నాకు ఎక్స్‌పోసిటో అని వేయమన్నానమ్మా" అన్నాడు.

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

ఆ పేరు మా నాన్నది. పుట్టిన మర్నాడే ఆయన్ని ఎవరో సన్యాసినుల అనాథాశ్రమం గోడలోని తిరుగుడు గూట్లో పెట్టి, గంట కొట్టి వెళ్ళిపోయారు. లోపలివాళ్ళు గూడు తిప్పితే బిడ్డ లోపలికి వస్తుంది, పెట్టినవాళ్ళ ముఖం కనబడదు. అలా దొరికిన బిడ్డలకు రాసే ఇంటిపేరు ఎక్స్‌పోసిటో. మా వైపు ఆ పేరు వింటే చాలు, మిగతా కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు నా వంతు రాగానే వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు "టింగ్" అని గంట కొట్టేవారు. పెళ్ళయ్యాక మా అత్తగారు నన్ను చుట్టాలకి చూపించేటప్పుడు "మా కోడలు టీస్కర్" అని ఊరుకునేది. ఇంటిపేరు దాకా వెళ్ళేది కాదు. అందుకు ఆవిడకి నేను మనసులో దండం పెట్టుకునేదాన్ని.

కావాలంటే ఆ పేరు మార్చుకోవచ్చని మా నాన్న చిన్నప్పుడే చట్టం వచ్చింది. ఆయనతో పెరిగినవాళ్ళు చాలామంది మార్చుకున్నారు. ఆయన మార్చుకోలేదు. "మా అమ్మ నన్ను వెతుక్కుంటూ వస్తే ఏ పేరుతో వెతుకుతుంది?" అనేవాడు. ఎనభై అయిదేళ్ళు వచ్చినా అదే మాట. మా ఆయన అక్క విసి వదినకి నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"ఆవిడకిప్పుడు నూరు దాటి ఉంటాయి బాబాయ్. కర్ర పట్టుకుని వస్తుందా?" అంది ఒకసారి.

"ఆవిడ రాకపోతే ఆవిడ మిగతా పిల్లలు రారా? నాకూ ఓ చెల్లెలు ఉండే ఉంటుంది. నీలా వాగుడుకాయ కాకపోతే చాలు" అన్నాడు నాన్న.

అలాంటి మనిషికి మనవడి వీపు మీద ఆ పేరు చూడాలని ఉంటుందని నాకు తెలియక కాదు. కానీ నా కళ్ళ ముందు వేరేవి ఆడాయి. అమదోర్ ఒక్క బంతి వదిలేస్తాడు. అవతలి ఊరి గ్యాలరీ మొత్తం గంటలా మోగుతుంది. వీడికి ఒళ్ళు మండి ఎవరి మీదికో పోతాడు, రెఫరీ బయటికి పంపిస్తాడు, లేదా ఆ తోపులాటలో మోకాలు పోతుంది. ఇదంతా నా ఇంటిపేరు వల్ల. రెండు రాత్రులు దొర్లి దొర్లి, గురువారం పొద్దున కుట్టుదారం కొనాలని ఇంట్లో చెప్పి పట్టణం బస్సెక్కాను.

జట్టు బట్టల సంగతి చూసే లియోకాదియో గ్యాలరీ కింద చిన్న గదిలో ఉన్నాడు. గదంతా నొప్పుల నూనె వాసన. నేను ఫలానా వాడి తల్లినని చెప్పగానే కుర్చీ తుడిచి వేశాడు. అబ్బాయి మనసు మార్చుకున్నాడు, తానుగా చెప్పడానికి మొహమాటపడుతున్నాడు, చొక్కా మీద ఎ. గార్సియా అని వేయండి అన్నాను. దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలే కాబట్టి తడబడలేదు.

"నాకు ఇప్పటికే ఇద్దరు గార్సియాలున్నారమ్మా. ఉతికి ఆరేస్తే ఎవరిదేదో దేవుడికే తెలియాలి" అన్నాడు.

"ముందు ఎ ఉంటుందిగా."

"ఉంటుంది. సరే, కన్నతల్లి వచ్చి చెబుతుంటే కాదనడానికి నేనెవర్ని?"

ఎక్స్‌పోసిటో అని వేసి ఇస్త్రీ చేసి ఉన్న చొక్కాని మడిచి అలమారలో పెట్టాడు. కొత్తదానికి అక్షరాలు ఏరుతూ, మీ వాడు మంచి పిల్లాడు, బురద బూట్లు గుమ్మం బయటే విప్పుతాడు అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిరిగి బస్సెక్కాక గుర్తొచ్చింది, దారం కొనలేదు.

ఒక్కటే ధైర్యం. మా నాన్న ఊరు దాటి ఎన్నో ఏళ్ళయింది. ఆయన కళ్ళకి పొర కమ్మి రంగులు తప్ప ఏమీ ఆనడం లేదు. అమదోర్ తెలుసుకుని కోప్పడితే వాడి కాళ్ళావేళ్ళా పడొచ్చు.

ఆదివారం విసి వదిన కారు మా గుమ్మంలో ఆగింది. ముందు సీట్లో మా నాన్న, గడ్డం గీయించుకుని, కొత్త టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనే పట్టుబట్టాడట. మా ఆయన మిల్లులో డ్యూటీ మార్చుకోలేక ఉండిపోయాడు. నేను తలనొప్పి అన్నాను. తలనొప్పి అక్కడ కూడా పెట్టుకోవచ్చు, ఎక్కు అంది వదిన. దారిలో మలుపు వచ్చినప్పుడల్లా నెమ్మది, నెమ్మది అంటూనే ఉన్నాను. మేం చేరేసరికి ఆట మొదలైంది. జట్టు పేర్లు మైకులో చదవడం కూడా అయిపోయింది.

"మనవాడేడే?" అన్నాడు నాన్న కూర్చోగానే.

"అదిగో, ఎడమ పక్క, నాలుగో నంబరు."

"వెనక పేరు వేశారా? చదువు."

అక్షరాలు అంత దూరం నుంచి కూడా స్పష్టంగా ఉన్నాయి. "ఎక్స్‌పోసిటో అని ఉంది నాన్నా" అన్నాను.

ఆయన రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని నవ్వాడు. "పెద్ద అక్షరాలేనా?"

"పెద్దవే."

వదిన కళ్ళజోడు సర్దుకుని మైదానంలోకి చూసింది. తర్వాత నావైపు చూసింది. ఒక పొద్దుతిరుగుడు గింజ కొరికి పొట్టు ఊసేసింది. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. పక్కవాళ్ళు "పట్టుకో గార్సియా" అని అరిచినప్పుడల్లా నాన్న, ఈ జట్టులో గార్సియాలు బాగా పరిగెడుతున్నారే అని మెచ్చుకున్నాడు. అమదోర్ ఒక్క బంతీ వదల్లేదు. ఒకసారి మాత్రం పక్కగీత దగ్గర ఆగి గ్యాలరీ వైపు చూశాడు, తాతని చూశాడో నన్ను చూశాడో. నేను మెడలోని దేవమాత పతకాన్ని పట్టుకుని వాడి మోకాలిని చూస్తూ కూర్చున్నాను.

హాఫ్ టైంలో ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ బహుమతిగా పెట్టి లాటరీ తీయడం అక్కడ ప్రతి ఆదివారం ఉండేదే. తొలి ఆట ఆడుతున్న కుర్రవాడుంటే అతని తల్లి చేత చీటీ తీయిస్తారని మాత్రం నాకు తెలియదు. మైకులో వినబడింది: "ఈరోజు చీటీ తీసేది మన కొత్త నాలుగో నంబరు, అమదోర్ గార్సియా అమ్మగారు. ఒకసారి కిందికి రావాలి."

నాన్న నావైపు తిరిగాడు. ఆ కళ్ళకి నా ముఖం ఆనదని తెలిసినా నేను తల దించుకున్నాను.

"గార్సియా అన్నాడేమే?"

మెట్లు దిగాను. తడి గడ్డిలో నా బూటు మడమలు దిగబడ్డాయి. గీత పక్కన బల్ల, దాని మీద తొడ, గాజు సీసా నిండా చీటీలు. మైకు పట్టుకున్నతను ఒకటి తీయమన్నాడు, తీశాను. అప్పటికి ఆటగాళ్ళు తిరిగి వస్తున్నారు. అమదోర్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. వాడి వెనక లియోకాదియో తువ్వాళ్ళ బుట్టతో.

"మా అందరికీ మీ పేరు చెప్పండమ్మా, ఇంటిపేర్లతో సహా" అంటూ మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"టీస్కర్" అన్నాను. నా గొంతే పెద్దదై ఎక్కడి నుంచో తిరిగొచ్చి నా చెవిలోనే పడింది. గార్సియా భార్యనని చెప్పి తప్పుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. కానీ పైన గ్యాలరీలో ఒక కొత్త టోపీ నిటారుగా నిలబడి ఉంది. ఆయన కళ్ళు పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి.

"టీస్కర్ ఎక్స్‌పోసిటో."

"కొంచెం గట్టిగా అమ్మా."

"ఎక్స్‌పోసిటో. అక్కడ నిలబడ్డాయన మా నాన్న. నా కొడుకు చొక్కా మీద వేయమన్నది ఆయన పేరే. వాడికి చెప్పకుండా వచ్చి నేనే తీయించాను."

ఎవరు ముందు గంట కొడతారా అని చూశాను. అప్పుడు పై వరసలోంచి ఎవరో, "అలాగేనమ్మా, మరి పంది తొడ నంబరెంత?" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. నవ్వింది నా పేరుకి కాదు. నా పేరు వాళ్ళకి పట్టనే లేదు. యాభై ఏళ్ళు నేను మోసుకు తిరిగినదాన్ని వాళ్ళు గింజల పొట్టుతో పాటు ఊసేశారు. దానికి కూడా నాకు సిగ్గేసింది.

నంబరు చదివి తిరిగి వస్తుంటే అమదోర్ ఎదురయ్యాడు. నా ముఖంలోకి చూడలేదు. "తాతకి చలేస్తుంది, కోటు గుండీలు పెట్టు" అని పరిగెత్తాడు. లియోకాదియో మాత్రం బుట్ట కింద పెట్టి నిలబడ్డాడు. పాత చొక్కా ఇంకా ఉందా అని అడిగాను. "ఉంది. కానీ ఈసారి తల్లులు చెబితే వేయను, ఆటగాడే వచ్చి అడగాలి" అన్నాడు. కోపంగా కాదు. కోప్పడి ఉంటే బాగుండేది.

పైకి వెళ్ళి నాన్న కోటు గుండీలు పెట్టాను. వదిన పక్కకి జరిగి చోటిచ్చింది. ఆట మళ్ళీ మొదలైంది. బంతి ఎడమ పక్కకి వచ్చింది, నాలుగో నంబరు మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

"చదువు" అన్నాడు నాన్న.

"నాన్నా..."

"చదవమంటున్నా."

"ఎ. గార్సియా" అన్నాను.

ఆయన టోపీ కిందికి లాక్కున్నాడు.

"ఇందాక కూడా అదే చదవాల్సింది" అన్నాడు.