పండుమిరప రంగు కారు ముసుగు

నేను ఒక కారు కవరును. ఇప్పుడు మిగిలింది రెండు మూరల నీలం గుడ్డే. ఒకప్పుడు కారు నెత్తి నుంచి చక్రాల దాకా కప్పేసేదాన్ని. పాత గొప్పలు చెప్పుకోవడం మనుషులకేనా, మాకు మాత్రం ఉండదా?

గుంటూరు పక్క నల్లపాడులో, బట్టలు కుట్టే కోటేశ్వరి మిషను మీద పుట్టాను. పైన ఎండను ఆపే వెండిరంగు మందగుడ్డ, లోపల ఆమె పాత నూలుచీరలు నాలుగు. బజారులో దొరికే కవర్ల లోపలి వైపు గరుగ్గా ఉంటుందని, కొత్త కారు ఒళ్లు గీసుకుపోతుందని ఆమె భయం. అందుకే ఉతికి ఉతికి వెన్నలా అయిన చీరలను అస్తరుగా వేసింది. నీలం నేతచీరను మాత్రం కోయబోయి కాసేపు ఆగింది. పెళ్లైన కొత్తలో ఆ చీర కట్టుకుని ఉన్నప్పుడే భర్త సైదారావు ఆమెను సూర్యలంక సముద్రానికి తీసుకెళ్తానని మాట ఇచ్చాడు. బస్సులో నలిగిపోతూ ఎందుకు, సొంత కారు కొన్నాక దర్జాగా పోదాం అన్నాడు. కారు రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. సముద్రం మాత్రం అప్పుడూ ఇప్పుడూ గంటన్నర దూరంలోనే ఉంది.

ఆ నీలం చీరను ఆమె సరిగ్గా కారు ముందుభాగం మీదికి వచ్చేటట్టు కుట్టింది. మీతో మాట్లాడుతున్నది ఆ ముక్కే.

కారు రంగు ఆమె ఎంచిందే, పండుమిరప రంగు. సైదారావు అందుకే మురిసిపోయాడు. ఆయన మిరపకాయలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో సరుకు చూసే మనిషి. గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని, వీటికి ఎండ ఎక్కువైందో మంచు తగిలిందో చెప్పేయగలడు. ఎండకు తెల్లబారిన కాయను ఎవరూ ముట్టరని, నీళ్లు తగిలిన కాయకు బూజు పడుతుందని ఆయనకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది. కారును కూడా ఆయన మిరపకాయలాగే చూసుకున్నాడు.

వేసవి వచ్చేది. సముద్రానికి పోదామని కోటేశ్వరి అడిగేది. "ఈ ఎండలో బయటికి తీస్తే రంగు ఎగిరిపోద్ది కోటా. నాలుగు చినుకులు పడనీ" అనేవాడు. చినుకులు పడితే బురద. బురద ఆరేసరికి కొత్త కాయ మిరప యార్డుకు వచ్చే రోజులు, ఆయనకు ఊపిరాడదు. అలా నాలుగేళ్లు. ఎప్పుడైనా కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్లి రావడం, రాగానే దుమ్ము దుమ్ముగానే నన్ను కప్పేయడం. నీళ్లు మాత్రం చుక్క తగలనిచ్చేవాడు కాదు.

నాకు అది బాగానే ఉండేదని ఒప్పుకోవాలి. పగలంతా ఎండ నా వీపు మీద, చల్లటి ఎర్రటి ఒళ్లు నా కింద. వడగాలి లేచినప్పుడు నేను రెపరెపలాడుతూ దాన్ని మరింత హత్తుకునేదాన్ని. దాన్ని కాపాడుతున్నానని గర్వపడేదాన్ని. అయినా ఒక్క కోరిక ఉండేది. అది ఎండలో ఎలా మెరుస్తుందో ఒక్కసారి చూడాలని. నేను పైన ఉన్నంతసేపూ దాని మీద ఎండ పడదు. ఎండ పడే వేళకు నేను చుట్టచుట్టుకుని అరుగు మీద ఉంటాను, మొహం లోపలికి పెట్టుకుని.

అయిదో వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే కోటేశ్వరి తలంటుకుని, అన్నం గిన్నె సర్దుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ఇయ్యాల సూర్యలంక పోతన్నాం. కవరు తియ్యి" అంది.

ఆ గొంతు విన్నాక సైదారావు ఎండ సంగతి ఎత్తలేదు. నన్ను లాగాడు. కారు ముందుభాగం పొగ పట్టినట్టు మసకబారి ఉంది. ఇన్నాళ్లూ దుమ్మే అనుకున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు, వందల కొద్దీ.

ప్రయాణం కార్లకు రంగులేసే మస్తాన్ షెడ్డు దగ్గర ఆగిపోయింది. నన్ను వెనక సీట్లో పడేశారు కాబట్టి అంతా విన్నాను.

"ఎండ చేసింది కాదు బాబాయ్, కవరు చేసింది. దుమ్ము మీద కప్పారు. గాలికి ఊగినప్పుడల్లా ఆ ఇసుకే రుద్దింది. ముందు నీడలో నీళ్లు పోసి కడగాలి, ఆరాక కప్పుకోవాలి. పాలిష్ పట్టి మైనం పూస్తే గీతలు చాలావరకు పోతాయి. మునుపటి రంగు మాత్రం రాదు" అన్నాడు మస్తాన్.

నేను కారును పట్టుకున్న ప్రతిసారీ గీశానన్నమాట. అంత ఇష్టంతో అంత చెరుపు చేయవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"రంగు కాపాడదామనే కదా కోటా నేను" అని నసిగాడు సైదారావు.

కోటేశ్వరి ఆ గీతల మీద వేలు ఆనించి ఉంది. "ఈ నాలుగేళ్లలో రంగు తగ్గింది కారు ఒక్కదానికేనా?" అంది. మస్తాన్ లోపల ఏదో పని ఉన్నట్టు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె నన్ను విప్పేసింది. తాను వేసిన కుట్లు తానే కత్తెరతో ఒక్కొక్కటిగా తెంచింది. మందగుడ్డ కోళ్లగూడు మీదికి పోయింది. మూడు చీరలు కారు తుడిచే గుడ్డలయ్యాయి. ఆ గుడ్డలను బకెట్లో ముంచి, వేపచెట్టు నీడలో సైదారావు జన్మలో మొదటిసారి కారు కడిగాడు. నీలం ముక్కను మాత్రం ఆమె ఉతికి ఆరేసి, మడిచి డిక్కీలో పెట్టింది. ఎందుకో చెప్పలేదు. మస్తాన్ పాలిష్ పట్టి ఇచ్చాక, పై ఆదివారం బయల్దేరారు.

డిక్కీ చీకట్లో పడుకుని ముందు లారీల మోత విన్నాను. తర్వాత ఎప్పుడూ వినని హోరు వినపడింది. కారు ఆగింది. డిక్కీ మూత లేచింది. మిట్టమధ్యాహ్నం, వైశాఖం ఎండ.

"ఉప్పుగాలి కోటా, రంగుకు మంచిది కాదు. ఆ గుడ్డ ఇటియ్యి, ఒకసారి తుడుద్దాం" అని సైదారావు చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. నన్ను విప్పి తల మీద కప్పుకుంది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన నన్ను గుర్తుపట్టాడు, తాను మాట ఇచ్చిన నాటి చీరగా. కాసేపటికి ఆ చెయ్యే వచ్చి, గాలికి ఎగురుతున్న నా అంచును ఆమె చెవి వెనక్కి దోపింది.

"పోదాం పా" అన్నాడు.

నీళ్ల వైపు నడుస్తుంటే నా కొంగు ఒకటి వెనక్కి తిరిగింది. అప్పుడు చూశాను. పండుమిరప రంగు కారు, కాస్త వెలిసి, ఎండలో నిగనిగలాడుతోంది. పరుగెత్తుకుంటూ వెళ్లి హత్తుకోవాలనిపించింది. కానీ నా కింద ఒక తల ఉంది, వెంట్రుకలు సగం నెరిసి, ఎండకు వేడెక్కి. నేను దాని మీదే ఉండిపోయాను. కారు మీద ఎవరూ ఏమీ కప్పలేదు.