చాక్లెట్‌కు పోయే ముక్కలు

దానమ్మను వరసలోంచి లేపి గోడ దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టిన రోజు మాలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఆమె ఖాళీ పీట పక్కనే నా పీట.

పలాస అవతల ఉన్న ఆ జీడిపప్పు షెడ్డులో మేం పొట్టు తీసి గుండ్లు, బద్దలు, ముక్కలు వేరుచేస్తాం. ముక్కలు చాక్లెట్ ఫ్యాక్టరీకి పోతాయి. ఆ ఏడాది కాంట్రాక్టరు నరసింగరావు ఓడలో తడిసిన ఆఫ్రికా జీడిపిక్కలు చవగ్గా తెచ్చాడు. పప్పు నిండా బూజు, పురుగు గూళ్లు. ఆ పప్పునూ ముక్కల్లో కలిపి, బస్తా మీద ఉద్దానం జీడి అని ముద్ర వెయ్యమన్నాడు. చాక్లెట్ పూత పడ్డాక లోపల ఏముందో ఎవడు చూస్తాడన్నాడు.

దానమ్మ తన ముందు పెట్టిన బూజు పప్పు బస్తాను నేల మీద కుమ్మరించింది.

"పిల్లలు తినే సరుకు బాబూ. నాను కలపను."

తరిమేస్తే ఇంకో షెడ్డుకు పోతుంది. కళ్లెదుట గోడ దగ్గర ఉంటే మాకు భయం ఉంటుంది. అదీ నరసింగరావు లెక్క. ఆమెతో మాట్లాడినవాళ్లకు మర్నాడు పని లేదన్నాడు.

జీడి సొన చేతులను తినేస్తుంది. వేళ్లు పగిలినవాళ్లు అన్నం కలుపుకోలేరు. పక్కన ఎవరి చేతులు బాగుంటే వాళ్లే ముద్దలు పెడతారు. దానమ్మ వేళ్లు అప్పటికే విచ్చిపోయి ఉన్నాయి. గోడ దగ్గర ఆమె క్యారేజీ మూత తియ్యలేదు. సాయంత్రం అలాగే పట్టుకుని వెళ్లింది. మర్నాడూ అంతే. ఆమె మా వైపు చూడలేదు. మేం నమిలే చప్పుడు మాత్రం ఆమెకు వినపడే ఉంటుంది.

ఆ సాయంత్రం ఇంటిదారిలో మాలో వాదన మొదలైంది. దానమ్మది పంతమని కొందరు, న్యాయమని కొందరు. మా వరసలోనే కూర్చునే చిన్నతల్లి అందరికన్నా గట్టిగా మాట్లాడింది.

"పట్నం పిల్లగుంటలు తింతారు. మనకేటి?"

"రేపు నీ వేళ్లు పగిలితే నీకెవులు పెడతారప్పా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చిన్నతల్లి విసవిసా ముందు నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నతల్లే గోడ దగ్గరికి వెళ్లి దానమ్మ క్యారేజీ మూత తీసింది.

"నోరు తెరువే. పంతానికేం తక్కువ లేదు."

ఒకరి వెనక ఒకరం లేచాం. వరస మొత్తం గోడ దగ్గరికి జరిగింది. ఆ బస్తాల్లో ఇక చెయ్యి పెట్టబోమని అందరం చెప్పాం. నరసింగరావు మమ్మల్ని బయటికి తోసి గేటుకు తాళం వేశాడు.

మిగతావాళ్లు లేబర్ ఆఫీసుకు వెళ్లారు. సరుకు లారీ ఎక్కకుండా చూడమని నన్ను గేటు దగ్గర వదిలారు. ఎండలో ఒక్కదాన్నే కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

పొద్దు వాలేవేళకు ఇచ్ఛాపురం వైపు నుంచి ఆటోలు వచ్చాయి. నిండా మా బదులు పనికి తెచ్చిన కూలి ఆడవాళ్లు. వెనక బండి మీద నరసింగరావు. నేను ఆటోకు అడ్డం నిలబడ్డాను. గోడ సంగతి, బూజు సంగతి, ముద్దల సంగతి, తెలిసినంతా చెప్పాను. తమకూ పొయ్యి వెలగాలని వాళ్లలో పెద్దామె అంది. కానీ ముద్దల మాట విన్నాక తన వేళ్లు చూసుకుంది. ఆమెవీ పగిలే ఉన్నాయి. ఆటో దిగి నా పక్కన నేల మీద కూర్చుంది. తక్కినవాళ్లూ దిగారు.

పోలీసులకు ఫోను చేస్తానన్నాడు నరసింగరావు.

"సెయ్యి బాబూ," అంది పెద్దామె. "ఆళ్ల పిల్లలూ సాక్లెట్లు తింతారు కదా. ముందు ఆ బస్తా ఆళ్లకి సూపిద్దుం."