మూట ఎత్తే చెయ్యి

దేవ్లా బీడీలు చుట్టే తునికాకు కట్టలను దుప్పట్లో పేర్చి, నాలుగు మూలలూ బిగించి ముడివేశాడు. నెత్తిమీద చుట్టకుదురు సర్దుకున్నాడు. భార్య సక్రి తన పాత లంగా అంచు చుట్టి, అద్దాలు కుట్టి చేసింది అది. ఇప్పుడు మూడే అద్దాలు మిగిలాయి.

ఎంత బలవంతుడైనా నిండు మూటను ఒక్కడే నెత్తికెత్తుకోలేడు. ఇంకో చెయ్యి కావాలి. ఎగువ తండాలో దేవ్లాకు ఆ చెయ్యి లేదు. వాగవతలి దిగువ తండాతో ఆకు కోత దగ్గర తగాదా వచ్చినప్పుడు, అటువాళ్లతో మాట్లాడినవాడి మూట ఎవరూ ఎత్తరాదని తండా కట్టుబాటు పెట్టుకుంది. దేవ్లా మాట్లాడాడు. మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ ఏడే సక్రికి జ్వరం తలకెక్కితే, దిగువ తండా బద్యా ఎడ్లబండి కట్టుకొని వచ్చాడు. ఎగువ తండా మగవాళ్లంతా వాగు ఒడ్డున అడ్డం నిలబడి బండిని వెనక్కి తిప్పారు. సక్రి దవాఖానా చేరకుండానే పోయింది. తరువాత అదే మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుడిసె ముందు ఏడ్చారు. దేవ్లా తలుపు తీయలేదు.

రూప్‌సింగ్ బాటలో ఒంటరిగా వచ్చాడు. ఆనాడు ఎడ్ల ముక్కుతాడు పట్టి తిప్పింది అతనే. ముందూ వెనకా చూసుకున్నాడు.

"మామా, ఎవ్వలు లేరు. జల్దీ వంగు, ఎత్తుతా."

"ఆకు కొనే కల్లం కాడ, నలుగురిల ఎత్తుతవారా?"

"గట్లెట్ల మామా? నన్ను గూడ ఎలేస్తరు."

"అయితే పో. దొంగచాటు చెయ్యి నాకొద్దు."

"రేపు సస్తే ఎవడెత్తుతడు నిన్ను?"

"అప్పుడు మీరంతా వస్తర్లే. సచ్చినోడు ఎవ్వనితోని మాట్లాడడు గద."

దేవ్లా మూటకు తాడు కట్టి వాగుదాకా ఈడ్చాడు. ఇవతలి ఒడ్డున బద్యా తన మూటతో కాచుకొని ఉన్నాడు.

"ఏంది బావా, నా బండి ఇరుసు లెక్క కిర్రుమంటున్నవ్?"

"నీ నోటికి కందెన ఎక్కువైంది. పట్టు."

ఇద్దరూ కలిసి ఒక మూటను ఛాతీ ఎత్తు బండమీద పెట్టేవారు. రెండోది ఒకరి నెత్తికెత్తేవారు. మిగిలినవాడు బండమీది మూట కింద తల దూర్చి ఒంటరిగా లేవాలి. ఆ కష్టం నాదంటే నాదని రోజూ కొట్లాట.

"ఇయ్యాల నా వంతు," అన్నాడు బద్యా.

"నీ వంతు నీ ఇంట్ల పెట్టుకో. వంగు."

బద్యా మూట నెత్తికెక్కింది. అతను తిట్టుకుంటూ వాగు దాటాడు. దేవ్లా చుట్టకుదురు తీసి బండమీది తన మూటమీద పెట్టి, కాసేపు ఆగుదామని బండకు ఆనుకొని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

సాయంత్రం తండా అంతా వచ్చింది. ముందు భుజం రూప్‌సింగ్‌ది. బద్యా వాగు దాటబోతే అందరూ ఒక్కటై ఒడ్డున అడ్డం నిలబడ్డారు. శవాన్ని ఎత్తుకొని పోయారు.

బండమీద మూట ఎవరూ ముట్టలేదు. దానిమీద చుట్టకుదురు, మూడు అద్దాలు.