చిన్నకోడలి జవాబు

కుట్టుమిషను ఎక్కడ పెట్టాలన్న గొడవతో చిన్నకోడలు మూడు నెలలుగా పెద్దకోడలితో మాట్లాడటం లేదు. ముందు నోరు విప్పినవాళ్ళు ఓడినట్టే లెక్క. తీరా యుద్ధం వద్దంటూ తీసిన ఊరేగింపులో మైకు పెద్దకోడలికే దక్కింది.

“యుద్ధం?” అని ఆమె అరిచింది.

“వద్దు!” అని వీధి మారుమోగింది. చిన్నకోడలు మాత్రం మూతి బిగించింది.

“జవాబు మీ అక్కకు కాదే, ఫిరంగులకు చెప్పు!” అని అత్తగారు మోచేత్తో పొడిచింది.

అంతలో పెద్దకోడలు సూటిగా వచ్చి మైకు ఆమె నోటి ముందే పెట్టింది. “యుద్ధం?”

పలికితే పంతం పోతుంది. పలకకపోతే యుద్ధమే కావాలన్నట్టవుతుంది.

“వద్దక్కా!” అనేసింది చిన్నకోడలు.

ఇదేదో కొత్త నినాదమనుకుని వెనకున్న రెండొందల మందీ అందుకున్నారు. “వద్దక్కా! వద్దక్కా!”

పెద్దకోడలు నవ్వాపుకోలేక మైకు ఆమె చేతికే ఇచ్చేసింది.