మూడో బటన్

"ఇది కాస్త పట్టుకో" అన్నాడు మా ఆయన, కార్ల కంపెనీ మ్యూజియం గేటు దాటగానే. ఇది అంటే నీళ్ల సీసా. దాని వెంట మామగారి కళ్ళజోడు పెట్టె, అత్తయ్య శాలువా, మూడు గొడుగులు, తిండి సంచి కూడా నా చేతుల్లోకి వచ్చాయి. పెళ్ళయి రెండు నెలలైంది. ఈ ఇంటికి నేనొక నడిచే చిలక్కొయ్యని.

అయినా లోపలికి వెళ్ళగానే చిరాకు ఎగిరిపోయింది. నేరేడుపండు రంగు పాత కారు, లాంతర్లంత దీపాలు, రబ్బరు బూర హారను! చేతులు ఖాళీ లేక మోచేత్తో నొక్కాను. బాతులా అరిచింది. మళ్ళీ నొక్కాను. మా ఆయన నవ్వాడు. నవ్వితే బాగుంటాడు, అదే నా ఖర్మ.

కొత్త కార్ల హాల్లో గైడు అమ్మాయి ఒక కారు తలుపు తీసి, డ్రైవరు సీటు దగ్గరున్న మూడు బటన్లు చూపించింది. "ఎవరి ఎత్తుకు తగ్గట్టు వాళ్ళు సీటు జరుపుకుని, ఒక నెంబరు నొక్కి పట్టుకుంటే చాలు. కారు గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ ఆ నెంబరు నొక్కితే సీటు అక్కడికే వచ్చేస్తుంది."

"మాదీ ఇదే మోడల్. ఒకటి నాది, రెండు అబ్బాయిది" అన్నారు మామగారు.

"మూడు మేడంగారిదా?" అంది గైడు నావైపు చూసి.

"మూడోది పుట్టబోయే మనవడికమ్మా!"

మా ఆయన పకపకా నవ్వాడు. ఈసారి అంత బాగాలేడు.

కాలేజీ రెండో ఏడాదిలోనే లైసెన్సు తెచ్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో చెబితే "భలే!" అన్నాడు. పెళ్ళయ్యాక తాళం అడిగితే "కొత్త బండి, కొన్నాళ్ళాగు" అన్నాడు. "సీటు కదిపితే నాన్న సెట్టింగ్ పోతుంది" అని కూడా అన్నాడు. రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకు వెళ్తాను. ఆదివారం ఆ కారు లోపలంతా తుడిచేది మాత్రం నేనే. ఆ బటన్ల సందుల్లో దుమ్ము దూదిపుల్లతో తీసేదీ నేనే. ఇంకా కడుపులోనైనా పడనివాడికి అప్పుడే సీటు ఖాయమైపోయింది! మనవరాలు కావచ్చునన్న ఊహైనా ఎవరికీ రాలేదు.

"కూర్చుని చూస్తారా?" అంది గైడు. సంచీ, శాలువా, గొడుగులు, సీసా, పెట్టె అన్నీ మా ఆయన చేతుల్లో పెట్టి కూర్చున్నాను. సీటు ముందుకు జరిగింది. పాదాలకు పెడల్స్ అందాయి. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

బయటికొచ్చాక కూడా ఆ బరువు తిరిగి తీసుకోలేదు. మా కారు దగ్గర మా ఆయన తిప్పలు పడుతున్నాడు. "తాళం తియ్యాలి. చేతులు ఖాళీ లేవే!"

"తెలుసు. నేను తీస్తాలెండి." ఆయన చొక్కా జేబులోంచి తాళం తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. సీటు ముందుకు జరిపి, మూడో బటన్ నొక్కి పట్టుకున్నాను. టింగ్ మంది.

"అమ్మాయ్, అది మనవడిది..." అన్నారు మామగారు.

"వాడికి పద్దెనిమిదేళ్ళు నిండాక వచ్చి అడగమనండి మామయ్యగారూ."

అత్తయ్య చుట్టూ తిరిగొచ్చి, నా పక్క సీటు తలుపు తీసింది. "మీరు వెనకెక్కండి. ముప్పయ్యేళ్ళుగా వెనక కూర్చుని మీ బట్టతలే చూస్తున్నా" అంది మామగారితో.

బెల్టు పెట్టుకుని, ఆ బటన్లకేసి వంగి చూసింది.

"నాలుగోది ఉండదా అమ్మాయ్?"