నా గురించి నేనే చెప్పుకోవాలి

"నువ్వేం చేశావు వదినా, ఊరికే మాట్లాడావు, అంతేగా," అంది మా ఆడపడుచు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని తడిబట్టలు దులిపి ఆరేస్తున్న నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

పిల్లల కోసం మానేసిన ఉద్యోగానికి మళ్ళీ వెళ్ళాలని ఆమె అనుకున్నప్పుడు, నెలల తరబడి ఇదే ఫోనులో, ఇలాగే బట్టలు ఆరేస్తూ, కూరలు తరుగుతూ ఆమె భయాలన్నీ విన్నది నేనే. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో గొంతు మార్చి అడిగాను, తడబడితే గద్దించాను, మళ్ళీ మళ్ళీ చెప్పించాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేను లైఫ్ కోచ్ కోర్సు పూర్తిచేసి సొంతంగా మొదలుపెట్టి, "నా పేజీలో నా గురించి రెండు ముక్కలు రాస్తావా?" అని అడిగితే వచ్చిన జవాబు అది. "అయినా ఇంటి సంగతులు బజార్న పెట్టుకుంటామా?" అని ముక్తాయింపు కూడా ఇచ్చింది.

ఇంటర్నెట్‌లో పెట్టిన ఆ పేజీ పెద్దదేమీ కాదు. సూర్యోదయం బొమ్మ మీద 'మీలోని శక్తిని మేల్కొలపండి' అని పెట్టాను, అందరూ అదే పెడుతున్నారు కదా అని. ఎవరి శక్తీ మేలుకోలేదు. మా పెద్దమ్మ కొడుకు ఒక్కడే మొహమాటానికి బొటనవేలి లైకు కొట్టి వెళ్ళాడు. ఇంటికొచ్చిన స్నేహితుల ముందు మావారు, "మా ఆవిడ లోకానికి దారి చూపిస్తుందిట. నా సాక్సులు ఎక్కడున్నాయో మాత్రం చూపించదు," అన్నారు. గదంతా నవ్వులు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వాను. నవ్వకపోతే, జోకు కూడా తట్టుకోలేనిదానివి ఇంకొకళ్ళకేం ధైర్యం చెబుతావంటారు. అత్తయ్య ఇంకో రెండాకులు ఎక్కువే చదివారు. "మాటలకి కూడా ఫీజిస్తారుటే? మా కాలంలో మా కష్టాలు గోడకి చెప్పుకునేవాళ్ళం." ఇన్నేళ్ళుగా ఆ గోడ నేనేనని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

వీడియో పెడితే నలుగురూ చూస్తారని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోనును చక్కెర డబ్బాకి ఆనించి మాట్లాడాను. తర్వాత చూసుకుంటే సిగ్గేసింది. "ఏదో చిన్నగా మొదలుపెట్టాను... నాకు తెలిసినంతలో... మీకు వీలైతేనే..." అంటోంది తెరమీది మనిషి. కొనడానికొచ్చిన వాళ్ళకి సరుకు కనబడకుండా అడ్డంగా నిలబడ్డట్టుంది. "నీకెందుకులే", "నువ్వుండు", "నీకు తెలీదు" అనే మాటల పక్కన ఇన్నాళ్ళూ ఒదిగి ఒదిగి నా మాటకి గూని వచ్చేసింది.

మర్నాడు జుట్టు కత్తిరించుకోవడానికి వీధి చివర పార్లర్‌కి వెళ్ళాను. కత్తెర ఆడిస్తూ పార్లర్ ఆవిడ మాటవరసకి అడిగింది, "మీరేం చేస్తుంటారండీ?"

"ఏం లేదండీ, ఇంట్లోనే."

అనేసి నాలుక కరుచుకున్నాను. ఎదురుగా అద్దంలో తడిజుట్టుతో, మెడచుట్టూ తువ్వాలుతో నేను. ఇక్కడ మావారు లేరు, అత్తయ్య లేరు. ఇప్పుడు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టిందెవరు? "కాదు కాదు, ఒక్క నిమిషం ఆపండి. మళ్ళీ అడగండి," అన్నాను.

కత్తెర గాల్లో ఆగింది. ఆవిడ నవ్వుతూ, "సరే. మీరేం చేస్తుంటారండీ?" అంది.

"ఇంటి కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళు మళ్ళీ పనిలోకి వెళ్ళాలనుకుంటే, వాళ్ళ బెరుకు పోగొట్టి ఇంటర్వ్యూకి సిద్ధం చేస్తాను. లైఫ్ కోచ్‌ని. ఫీజు తీసుకుంటాను."

ఆ ఫీజు మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలియదు. నేను చేసే పని ఇంత తేలిగ్గా నోటికొస్తుందని అంతవరకూ తెలియదు! వెనక బెంచీ మీద పత్రిక తిరగేస్తున్న ఆవిడ దాన్ని మూసేసింది. గోళ్ళకి రంగు వేయించుకుంటున్న అమ్మాయి తడిగోళ్ళతోనే ఇటు తిరిగింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగితే ఏం చెప్పాలండీ? మొన్న ఇంటర్వ్యూలో నేనక్కడే ఏడ్చేశాను," అంది పత్రిక ఆవిడ.

నా జుట్టు ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క పొట్టిగా ఉంది. అలాగే కుర్చీ తిప్పేసి, "నేనే ఆఫీసరుని. చెప్పండి, ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నారా?" అన్నాను గంభీరంగా.

"అవునండీ, పిల్లలు చిన్నవాళ్ళని..."

"నిజంగా ఖాళీగా ఉన్నారా?"

ఆవిడ ఆలోచించింది. తల ఎత్తింది. "లేదు. ఒక్క పూట కూడా లేను."

"అక్కణ్ణుంచి మొదలుపెట్టండి."

పార్లరంతా చప్పట్లు కొట్టింది. రంగు చెదిరిపోతుందని గోళ్ళ అమ్మాయి మాత్రం అరచేతులు తాకించి ఊరుకుంది. "నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మందిది ఇదే బాధ," అంది పార్లర్ ఆవిడ. "బుధవారం పొద్దున్న బేరాలుండవు. ఇక్కడే మాట్లాడండి, తలుపు మీద కాగితం అంటిస్తాను."

"నా పేరు పెద్ద అక్షరాలతో రాయండి," అన్నాను.

బుధవారం కుర్చీలు చాలలేదు. నుంచున్నవాళ్ళు నుంచునే ఉన్నారు. సూర్యోదయం బొమ్మ తీసేసి, పేజీ మీద పార్లర్‌లో అన్న ముక్కే పెట్టాను. తెలియని నంబర్ల నుంచి ఫోన్లు! పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టలేదు. శనివారం పొద్దున్న ముందుగదిలో పేపరు చదువుతున్న మావారితో, "ఈ గది నాకు కావాలి, మీరు లోపల చదువుకోండి," అన్నాను. ఆయన పేపరుతో సహా లేచి లోపలికి వెళ్ళారు.

నా మొట్టమొదటి క్లయింటు పత్రిక ఆవిడే. వచ్చి కూర్చుని, లోపలి గది తలుపు వంక ఓసారి చూసి, గొంతు తగ్గించి, "అన్నిటికన్నా ముందు ఒకటి చెప్పండి మేడమ్. మీవారిని ఎలా ఒప్పించారు? మా ఇంట్లో అదే అసలు పరీక్ష," అంది.

నేను నిజమే చెప్పాను.

"ఒప్పించాలన్న సంగతే మర్చిపోయానండీ."