గుర్రాలకు నీళ్లు

మామగారి కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యింది. మూడు వారాలు పుస్తకం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన ఆ పెద్దమనిషికి ఒకటే వ్యసనం: దిండంత లావున్న ఇతిహాసంలో రోజుకు నాలుగు పేజీలు చదవడం. సరిగ్గా యుద్ధం మధ్యలో ఆగిపోయాడు. దాంతో ఆ పని కోడలి మీద పడింది.

కోడలు నర్సు. ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్లు మార్చడం ఆమె పని. పొద్దస్తమానం నిలబడి వచ్చి, బాణాల లెక్కలు చదవాలంటే ప్రాణం ఉసూరుమనేది.

"ఏంటి మామయ్యా ఇది! ఒకడు కొడతాడు, ఇంకోడు పడతాడు. మా వార్డులో రోజూ చూసేదేగా. ఇందులో దేవుడెక్కడో నాకైతే కనపడట్లేదు."

"నాకు అసలు కళ్లే కనపడట్లేదు. చదువమ్మా, ఇద్దరం కలిసి వెతుకుదాం" అని నవ్వేవాడాయన.

చదవడం మొదలెట్టిన పన్నెండో రోజు ఒక ఘట్టం వచ్చింది. పొద్దు వాలేలోగా శత్రువును చంపుతానని శపథం చేసిన విలుకాడు ముందుకు దూసుకుపోతున్నాడు. సగం దారిలో గుర్రాలు డస్సిపోయాయి. రథం తోలుతున్నది సాక్షాత్తూ దేవుడు. ఆయన పగ్గాలు బిగించి రథం ఆపేశాడు. విలుకాడు కిందికి దిగి చుట్టూ ఉన్న శత్రువులను నిలవరిస్తుంటే, దేవుడు గుర్రాలను విప్పి, ఒంట్లో దిగిన బాణాలు ఒక్కొక్కటే లాగి, చేతులతో ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించాడు.

కోడలు ఆగిపోయింది. ఆ వాక్యం మళ్లీ చదివింది.

"బాణాలు ఆయనే లాగాడా మామయ్యా? తన చేత్తోనే?"

"తన చేత్తోనే. అక్కడికొస్తే నాకు ఎండలో బస్సాపి రేడియేటర్లో నీళ్లు పోసిన రోజులు గుర్తొస్తాయి. నీకేం గుర్తొచ్చింది తల్లీ?"

"నాలుగో మంచం తాత" అంది ఆమె. కాలి మీద మానని పుండు, నోట్లో ఆగని తిట్లు. ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని ఆయన కట్టు చకచకా పీకేసేది. దేవుడు చేసిన పనుల్లో తన పనీ ఒకటుందని ఇన్నాళ్లూ ఆమెకు తెలియదు.

మర్నాడు నాలుగో మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అంటుకుపోయిన గుడ్డ మీద సెలైన్ కొద్దికొద్దిగా పోసింది. తాత తిట్ల దండకం అందుకున్నాడు.

"తిట్టండి తాతా. ఇది నానేదాకా నాకూ తొందర లేదు."

తిట్లు మధ్యలోనే ఆగిపోయాయి. "ఏంటీ, ఇవాళ పీకట్లేదు?"

"నానితే అదే ఊడొస్తుంది."

ఊడొచ్చింది. ఆమె పుండు కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టింది.

"నొప్పి లేదనుకునేవు. ఉంది" అన్నాడు తాత బింకంగా. మళ్లీ తనే గొంతు తగ్గించి, "రేపు కూడా నువ్వే రా అమ్మా" అన్నాడు.

"వస్తాను తాతా. మీ తిట్లు లేకపోతే నాకు మాత్రం తోస్తుందా?" అని, స్టూలును ఐదో మంచం వైపు జరుపుకుంది.